అమావాస్య సెలవు

పుప్పాలగూడలో వడ్ల వీరేశం కార్ఖానా ముందు 'వీరేశం అండ్ సన్' అని ఒక రేకు బోర్డు ఉండేది. దాన్ని రాయించింది ఆయన కూతురు నాగమణి. రంగు డబ్బాలు తెచ్చింది ఆమే, రోడ్డు మీదికి కనబడాలంటే అక్షరాలు ఎంతెంత ఉండాలో చెప్పింది ఆమే, బోర్డు వంకర పోకుండా నిచ్చెన ఎక్కి మేకులు కొట్టిందీ ఆమే. నీ పేరు కూడా కలపరాదా అక్కా అని బోర్డు రాసేవాడు అడిగితే, ఆడదాని పేరు చూస్తే దర్వాజాల పని ఎవరిస్తారని నవ్వేసింది. వ్యాపారం తెలిసిన మనిషి అట్లాగే ఆలోచిస్తుంది. పైకి ఏది కనబడితే పని దొరుకుతుందో దాన్నే కనబడనిస్తుంది, మిగతాది లోపల దాచుకుంటుంది. ఆ అలవాటు తనను ఎక్కడిదాకా నడిపిస్తుందో ఆనాడు ఆమెకు తెలియదు.

నాగమణికి రెండు చదువులు వచ్చు. మొదటిది తండ్రి దగ్గర నేర్చింది. వీరేశం చుట్టుపక్కల ఊళ్లకు ఎడ్లబండ్లు, నాగళ్లు, దర్వాజాలు చేసేవాడు. ఆయనకు ఇద్దరే పిల్లలు. నాగమణి పెద్దది, రాజేందర్ చిన్నవాడు. దుంగ కోయడానికి మనిషి దొరకని రోజున పెద్ద రంపానికి ఆ కొసన కూతురిని, ఈ కొసన కొడుకుని నిలబెట్టేవాడు. పిల్లలు కదా, ఇద్దరూ ఉన్న బలమంతా పెట్టి తోసేవాళ్లు. రంపం వంగిపోయి దుంగలో ఇరుక్కునేది.

"తొయ్యొద్దు బిడ్డా. గుంజుడొక్కటే. అవుతలోడు గుంజినప్పుడు నువ్వు ఇడిసిపెట్టాలె," అని వీరేశం చెప్పేవాడు.

నెమ్మది మీద వాళ్లకు అది పట్టుబడింది. ఒకరు లాగుతుంటే ఒకరు వదిలేవారు. కళ్లు మూసుకున్నా గీత తప్పేది కాదు. ఊళ్లోవాళ్లు ఆగి చూసి, వడ్లోళ్ల పిల్లలు ఊయల ఊగుతున్నట్టు రంపం లాగుతున్నారని అనుకునేవారు.

రెండో చదువు కష్టం మీద వచ్చింది. పద్దెనిమిదో ఏట పటాన్‌చెరు సంబంధం చేశారు. భర్త ఫ్యాక్టరీ పని మానేసి దుబాయి పోయాడు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అక్కడి నుంచి వచ్చినవాళ్లను అడిగితే బాగానే ఉన్నాడన్నారు. చచ్చిపోయాడంటే ఏడ్చి ఊరుకునేది. బాగున్నాడంటే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. పుట్టింటికి వచ్చేసి, ఇంటి దగ్గరే చదువుకుని బి.కాం. పరీక్షలు రాసింది. చందానగర్‌లో వాయిదాల మీద ఆటోలు, లారీలు ఇప్పించే ఒక ఫైనాన్స్ ఆఫీసులో చేరింది. ఎవరికి అప్పు ఇస్తే తిరిగి వస్తుంది, ఏ వ్యాపారం ఎందుకు మునుగుతుంది, పెట్టుబడి ఎక్కడ నిద్రపోతుంది, అన్నీ అక్కడే నేర్చింది. ఆ రోజుల్లోనే ఆమెకు ఒక భయం కూడా అలవాటయింది. ఇంట్లో ఎవరు చెప్పులు తొడుక్కుంటున్నా, ఎక్కడికి అని అడిగేది. తల్లి పోచమ్మ విసుక్కునేది. పెరట్లోకి పోతున్నా చెప్పి పోవాలానే అని దెప్పేది. అయినా నాగమణి మానలేకపోయింది.

తండ్రి పోయాక కార్ఖానా రాజేందర్ చేతికి వచ్చింది. పని అతని చేతిలో ఉండేది, మాట ఉండేది కాదు. గిరాకీలు బేరమాడితే తల వంచుకునేవాడు, ఎగ్గొడితే ఇంటికి వచ్చి అన్నం మానేసేవాడు. ఎడ్లబండ్ల కాలం అయిపోయింది. అటు మాదాపూర్ వైపు గుట్టలు పేలుస్తున్నారు. రోజూ మధ్యాహ్నం పుప్పాలగూడ దాకా ఆ చప్పుడు వినబడేది. రాళ్లు పేలిన చోటల్లా అద్దాల మేడలు లేస్తున్నాయి. ఆ మేడల లోపల బల్లలు, బీరువాలు, తలుపులు కావాలి కదా అని నాగమణికి తోచింది. ఉద్యోగం మానేసి ఫైలు ఒకటి చంకన పెట్టుకుని బయలుదేరింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కుర్చీలో కూర్చున్న కుర్రాళ్లు ఆమె వెనకాల ఎవరో ఉన్నట్టు తొంగి చూసి, మేస్త్రీ రాలేదా అని అడిగేవారు. అప్పు కోసం బ్యాంకుకు పోతే అక్కడి మేనేజరు, అమ్మా మీరు వడ్రంగమా, లెక్కలా అని నవ్వాడు. రెండూనండి అని నాగమణి చెప్పింది. టేకు చెక్క ఎండడానికి ఎంతకాలం పడుతుందో, అంతకాలం ఆ చెక్కలో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ ఎంతవుతుందో ఒకే ఊపిరిలో చెప్పింది. ఆయన నవ్వు ఆపి కుర్చీ చూపించాడు. కార్ఖానా, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంది. రెండేళ్లలో నలుగురు పనివాళ్లు అయ్యారు, కరెంటు మిషన్ వచ్చింది, ఫోన్ వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం కార్ఖానా తండ్రి నాటి దారినే నడిచేది. అమావాస్య ముందు రోజు పొద్దుగూకే వేళకు రాజేందర్ బాడిస, ఉలులు, రంపాలు, చిత్రికలు అన్నీ కడిగి, నూనె రాసి, పసుపు బొట్టు పెట్టి, తండ్రి పాత ధోవతి కప్పేవాడు. మర్నాడంతా పనిముట్టు ముట్టేది లేదు. చేసిన వస్తువు కార్ఖానా గడప దాటేదీ లేదు. ఎందుకని అడిగితే వీరేశం బతికున్నప్పుడు పెద్ద కారణమేమీ చెప్పలేదు. ఏడాదంతా కోసి, చెక్కే ఇనుముకు నెలకు ఒక్కరోజన్నా ఊపిరి తీసుకోనియ్యాలని అనేవాడు. రాజేందర్‌కు అంతకుమించి అక్కర్లేదు. నాగమణి కూడా ఎదురు చెప్పలేదు. కాకపోతే కంపెనీలకు ఇచ్చే పని పట్టికలో ఆ రోజు ఎదుట మిషన్ మెయింటెనెన్స్ అని ఇంగ్లీషులో టైపు చేయించేది. అమావాస్య అని రాస్తే పల్లెటూరి వాళ్లనుకుంటారని ఆమె జంకు.

తొంభై ఎనిమిదిలో మాదాపూర్ గుట్ట మీద కొత్తగా కట్టిన ఒక మేడలోకి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి రాబోతోంది. వాళ్ల మూడో అంతస్తులో మీటింగుల గదికి ఒక బల్ల కావాలన్నారు. ఇరవై మంది చుట్టూ కూర్చోవాలి, పైన ఒకటే పలక ఉండాలి, అతుకు కనబడకూడదు. పెద్ద పెద్ద షాపులవాళ్లు ప్లైవుడ్ మీద కాగితం అంటించి చేస్తామన్నారు. నాగమణి అసలు టేకుతో చేస్తామంది. ఆ కంపెనీ కట్టడం పనులు చూసే పార్థసారథి గారు గోదావరి జిల్లా మనిషి. ప్రభుత్వంలో ఇంజనీరుగా రిటైరై ఇక్కడ చేరాడు. ఆయన కార్ఖానాకు వచ్చి, రాజేందర్ చేసిన ఒక దర్వాజా మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. బల్ల పని మీకేనమ్మా అన్నాడు.

అంత పలక మెట్ల మలుపు తిరగదని నాగమణి కొలిచి ముందే చెప్పింది. గది బయటివైపు గోడకు ఇంకా అద్దాలు బిగించలేదు. ఏసీ మిషన్లు ఎక్కించే క్రేనుతోనే ఆ ఖాళీలోంచి బల్లను కూడా లోపలికి దించుదామని పార్థసారథి గారే ఉపాయం చెప్పాడు.

రాజేందర్ ఆ బల్ల చేసిన తీరు నాగమణి జన్మలో మరిచిపోదు. తండ్రి ఎప్పుడో తెచ్చి కొట్టంలో పేర్చి ఉంచిన టేకు చెక్కలన్నీ దించాడు. ఒక చెక్క చార పక్క చెక్క చారలోకి పారేలా పదిసార్లు అటూ ఇటూ మార్చి చూసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే వస్తున్నా అనేవాడు, వచ్చేవాడు కాదు. నాగమణి కూడా ఫైళ్లు పక్కన పడేసి, చీర కొంగు బిగించి చిత్రిక పట్టింది. చివరి పాలిష్ మాత్రం అతను ఎవరినీ ముట్టనివ్వలేదు. పని ముగిసిన సాయంత్రం తల్లిని పిలిచి బల్లలో ముఖం చూసుకోమన్నాడు. పోచమ్మ వంగి చూసుకుని, ఇంత ముసలిదాన్నయ్యానా అంది. రాజేందర్ నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వడం తండ్రి పోయాక అదే మొదలు.

"అక్కా, ఇది మనిద్దరి పని," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లు తిరిగినట్టనిపించింది నాగమణికి.

డిసెంబరు నెల. సోమవారం ఆఫీసు ప్రారంభం పెట్టుకున్నారు. అంతకు ముందు వారం నాగమణిని మీటింగుకు పిలిచారు. చుట్టూ అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. బొంబాయి నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఉన్నాడు, మెడలో కార్డులు వేలాడేసుకున్న కంపెనీ కుర్రాళ్లున్నారు. అంతమందిలో ఆడది ఆమె ఒక్కతే. అయినా ఆ వేళ ఎవరూ మేస్త్రీ ఏడీ అని అడగలేదు. మేడం అని పిలిచి కాఫీ ఇచ్చారు. క్రేను శుక్రవారం వస్తుంది, బల్ల ఆ రోజు తెచ్చెయ్యండి అన్నారు.

శుక్రవారం అమావాస్య.

అమావాస్య అన్న మాట నాగమణికి నోటిదాకా వచ్చింది. చెబితే ఏమనుకుంటారో అని చుట్టూ చూసింది. ఆర్కిటెక్టు పెన్ను పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న ఆ మేడం అన్న పిలుపు ఒక్క మాటతో జారిపోతుందేమోననిపించింది. ఆమె నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"పాలిష్ ఇంకా ఆరలేదు సార్. శనివారం తెస్తాం."

పార్థసారథి గారు తల ఊపి, క్రేను వాడితో తాను మాట్లాడతానన్నాడు. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. అంత తేలిగ్గా గట్టెక్కినందుకు ఆమెకు బస్సులో వస్తుంటే నవ్వు కూడా వచ్చింది.

ఇంటి దగ్గర రాజేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. శనివారానికి ఒప్పుకున్నారని చెప్పింది.

"అమాస అని చెప్పినవా?"

"ఆ."

అతని ముఖం వెలిగింది. లోపలికి పోయి తల్లితో, అంత పెద్ద కంపెనీవాళ్లు కూడా మన అమావాస్యకు మర్యాద ఇచ్చారట అని చెప్పాడు. సాయంత్రం పనివాళ్లకు కూడా చెప్పాడు. నాగమణి వంటింట్లో ఉండి అంతా వింది. ఇప్పుడు నిజం చెబితే ఆ ముఖం ఏమవుతుందో ఆమెకు తెలుసు. తర్వాత చెప్పొచ్చనుకుంది. తర్వాత చెప్పాల్సిన అవసరమే రాదనీ అనుకుంది.

శనివారం ఉదయం మంచు ఇంకా విడవలేదు. డీసీఎం లారీలో గడ్డి పరిచి, పాత దుప్పట్లు చుట్టి బల్లను ఎక్కించారు. పలక కొస బండి వెనక బయటికి వచ్చింది. రాజేందర్ దాన్ని పట్టుకుని దారి పొడుగునా వెనకే నిలబడ్డాడు. గుట్ట ఎక్కి మలుపు తిరిగేసరికి నాగమణి ముందు సీట్లోంచి తల ఎత్తి చూసింది. మేడ ఈ కొస నుంచి ఆ కొస దాకా మెరుస్తోంది. మూడో అంతస్తులో ఖాళీ లేదు. అద్దాలు బిగించేశారు.

ఆమె బండి ఆగకముందే దిగి పరుగెత్తింది. పార్థసారథి గారు మఫ్లరు చుట్టుకుని కింద హాల్లో ఉన్నాడు. క్రేను నిన్ననే వెళ్లిపోయిందని చెప్పాడు. ఆలస్యానికి అసలు కారణం ఆయనకు ఇంకా తెలియదు.

"మీ మంచికేనని మూయించారమ్మా. పాలిష్ పచ్చిగా ఉందన్నారు కదా. అద్దాలు లేకపోతే గదిలోకి రాళ్ల దుమ్మంతా వచ్చి దాని మీద పడుతుంది, ముందు మూసెయ్యండి అని ఆర్కిటెక్టు గారే దగ్గరుండి చేయించారు. బల్ల ముక్కలుగా వస్తుందనుకున్నారట, మెట్ల మీద ఎక్కించుకోవచ్చన్నారు. క్రేను వాడికి చెప్పేలోపే నాకు ఊరెళ్లాల్సి వచ్చిందండి, రాత్రే వచ్చాను."

రాజేందర్ వెనకే వచ్చి నిలబడ్డాడని నాగమణికి ఆ మాట అయ్యాక తెలిసింది.

"పాలిష్ పచ్చిగుందని ఎవరన్నరు సార్?" అని అడిగాడు.

పార్థసారథి గారు నాగమణి వైపు చూశాడు. ఆమె నేల చూసింది. ఆయన ఒకరి తర్వాత ఒకరిని చూసి, ఏదో జరిగిందని గ్రహించి, మరి ఆలస్యం దేనికని మెల్లగా అడిగాడు. నిన్న అమాస సార్ అని రాజేందర్ చెప్పాడు. ఆయన నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు.

"ఆ ముక్క చెప్పకపోయారా అమ్మా. ఒక రోజు ముందే గురువారం నాడు క్రేను తెప్పించేవాణ్ణి కదా. అమావాస్య పూట కొత్త బల్ల లోపలికి దించడం నాకే ఇష్టం లేదు. మా ఆవిడ, ఆ పుణ్యవతి అయితే అమావాస్యకు కొత్త చెప్పులు కూడా వేసుకోనివ్వదు నన్ను."

ఆయన తప్పు పట్టి అనలేదు, నిజంగా బాధపడి అన్నాడు. అందుకే అది మరీ లోపలికి దిగింది. రాజేందర్ వెనక్కి తిరిగాడు. బండి దగ్గరికి వెళ్లి దుప్పటి కొస ఎత్తి, పలక మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకున్నాడు. తిరిగి వచ్చాడు.

"నా పాలిష్ ఆరలేదని చెప్పినవ్. బాపు అమాసను చెప్పనీకె సిగ్గయిందా అక్కా?"

నాగమణి ఏదో చెప్పబోయింది. అక్కడి మనుషులు ఎట్లా ఉంటారో, తాను ఒక్కతే ఎట్లా కూర్చుందో చెప్పాలనుకుంది. అవేవీ అతను అడిగినదానికి జవాబులు కావు.

ఆర్కిటెక్టు వచ్చాడు. బల్ల సోమవారానికి పైన ఉండాలి, లేదంటే వేరే షాపు నుంచి తెప్పించుకుంటామని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అద్దాలు విప్పే ప్రసక్తి లేదన్నాడు. ఇంటికి తీసుకుపోదామని రాజేందర్ అన్నాడు. తీసుకుపోయి ఎవరికి అమ్ముతామని నాగమణి అడిగింది. అంత బల్ల ఏ ఇంట్లో పడుతుంది. తాకట్టులో ఉన్న కార్ఖానా సంగతి, ఇంటి సంగతి, ఇంట్లో ఉన్న తల్లి సంగతి ఆమె బుర్రలో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫైనాన్స్ ఆఫీసులో నేర్చుకున్నదంతా ఒకే మాట చెబుతోంది. మధ్యకు కోసి, ముక్కలు పైకి చేర్చి, మళ్లీ కలపాలి. ఆ మాట ఆమే అంది.

"ఇది మేనేజర్ చెప్తున్నదా, వడ్లోళ్ల బిడ్డ చెప్తున్నదా?" అన్నాడు రాజేందర్.

నాగమణి హాల్లోకి చూసింది. ప్లైవుడ్ పనివాళ్ల కరెంటు మిషన్ అక్కడే ఉంది, దాంతో తానే కోస్తానంది. అంచులు చిట్లిపోతాయని ఇద్దరికీ తెలుసు. రాజేందర్ ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఇక రాడనుకుంది. గంట గడిచాక వచ్చాడు, భుజం మీద గోనెగుడ్డ చుట్టిన పెద్ద రంపం ఉంది.

"నువ్వొక్కదానివి కోస్తె వంకర పోతది. పట్టు," అన్నాడు.

పలకను కింద హాల్లో పక్క అంచు మీద నిలబెట్టి, అటూ ఇటూ నలుగురిని పట్టుకోమన్నారు. దాని ఎత్తు నాగమణి మెడ దాకా వచ్చింది. రెండు వైపులా గీతలు గీశారు. ఇటు గీత ఆమెకు, అటు గీత అతనికి. ఇద్దరూ రంపం పట్టుకున్నారు. మొదటి లాగుకు పాలిష్ మీద తెల్లటి గాటు పడింది. అప్పుడు తమ్ముడి ముఖం పలక పైనుంచి ఆమెకు కనబడింది. అతను రంపం పళ్లనే చూస్తున్నాడు. రంపం కిందికి దిగిన కొద్దీ ఇద్దరూ వంగారు. ఇక ముఖాలు కనబడలేదు. నడుమ చెక్క, అవతల ఊపిరి చప్పుడు, అంతే. అతను లాగుతుంటే ఆమె వదిలింది, ఆమె లాగుతుంటే అతను వదిలాడు. ఒక్కచోట కూడా రంపం ఇరుక్కోలేదు. కోత అయిపోకూడదని ఆమెకు అనిపించింది. ఇది అయ్యాక ఇద్దరూ కలిసి చేసే పని ఇంకొకటి ఉండదని అప్పుడే తెలిసిపోయింది. చివరి అంగుళంలో రాజేందర్ చేతి వేగం తగ్గించాడు, చెక్క చీలిపోకుండా. రెండు ముక్కలూ విడిపోయి నిలబడ్డాయి. నడుమ నుంచి తమ్ముడు కనబడ్డాడు. అతను అప్పటికే రంపం గోనెగుడ్డలో చుడుతున్నాడు.

ముక్కలు మెట్ల మీదుగా పైకి చేరాయి. ఆదివారం సాయంత్రానికి రాజేందర్ వాటిని గదిలో కలిపాడు. కోత పడిన చోట అంచులు సరిచేసి, మధ్యన సన్నటి ఇత్తడి పట్టీ పొదిగాడు. ఆ రెండు రోజులూ అక్కతో పనికి కావలసిన మాటలే మాట్లాడాడు. అది ఇవ్వు, ఇది పట్టుకో. సోమవారం ప్రారంభంలో కంపెనీ పెద్దాయన ఆ పట్టీ మీద చెయ్యి ఆనించి, ఈ ఆలోచన ఎవరిదని మెచ్చుకున్నాడట. ఆర్కిటెక్టు నవ్వి ఊరుకున్నాడని పార్థసారథి గారు తర్వాత చెప్పాడు.

ఆ సోమవారమే రాజేందర్ తన ఉలులు, చిన్న చిత్రిక ఒక సంచిలో వేసుకున్నాడు. పెద్ద రంపం గోడకే వదిలేశాడు. పోచమ్మ ఏడ్చింది. వేరే చోట పని చూసుకున్నానని, నెలనెలా వచ్చి చూస్తానని తల్లికి చెప్పాడు. అతను గడప దగ్గర కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. వీధిలోకి పోయేవాణ్ణి కూడా ఎక్కడికని అడిగే నాగమణి, ఆ వేళ అడగలేకపోయింది. అడిగే హక్కు తనకింకా ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

కార్ఖానా మునగలేదు. మునిగి ఉంటే, అదీ ఒక దారి అయ్యేది. అప్పుల మీద పడి ఏడ్చి, తమ్ముడిని కాళ్లు పట్టుకుని పిలుచుకునేది. అట్లా జరగలేదు. ఆర్కిటెక్టు మళ్లీ ఫోన్ చేశాడు. ఇత్తడి పట్టీ ఉన్న బల్లలు ఇంకో రెండు ఆఫీసులకు కావాలన్నాడు. ఈసారి ముందే రెండు ముక్కలుగా చేసి పంపమన్నాడు. చూసినవాళ్లు అవే అడిగారు. కొత్త పనివాళ్లు వచ్చారు, కొండాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఆఫీసు పెట్టింది. పాత బోర్డు దించాల్సి వచ్చింది. కొడుకు లేని చోట అండ్ సన్ అని ఎట్లా ఉంచుతుంది. తన పేరుతో కొత్త బోర్డు రాయించింది. ఆడదాని పేరు చూసి పని మానుకున్నవాడు ఒక్కడూ లేడు.

ఇంకో మార్పు కూడా చేసింది. ఇప్పుడు ఏ కంపెనీకి పని ఒప్పుకున్నా, ఆ షరతుల కాగితంలో మొట్టమొదటి వాక్యం అమావాస్య నాడు కార్ఖానాకు సెలవు అనే ఉంటుంది. మెయింటెనెన్స్ అని రాయడం మానేసింది. అందరూ చదివి సంతకం పెడుతున్నారు. ఏ ఒక్కరూ నవ్వలేదు, ఎందుకని కూడా అడగలేదు. ఒక కంపెనీలో చిన్న పిల్లలాంటి అమ్మాయి ఆ వాక్యం చదివి, భలే ముద్దుగా ఉంది మేడం అంది. నాగమణి ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ దారంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజేందర్ తల్లిని చూడటానికి వచ్చేవాడు. నాగమణి ఆఫీసులో ఉండే వేళ చూసుకుని వచ్చి వెళ్లేవాడు. ఎక్కడ పని చేస్తున్నావని పోచమ్మ అడిగితే, దగ్గర్లోనే అనేవాడు. నిజంగానే దగ్గర్లోనే. గచ్చిబౌలి పక్కన కట్టే మేడల్లో ప్లైవుడ్ పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీకి కుదిరాడని పార్థసారథి గారి ద్వారా తెలిసింది. వినగానే ఆమె కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అంత చేయి ఉన్నవాడు కాగితాలు అంటించిన పలకలు కోసుకుని బతకడమేమిటని తల్లి దగ్గర అరిచింది. పోచమ్మ బియ్యం ఏరుతూ, వాడక్కడ ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు, దాచక్కర్లేదు కదా అంది.

మరుసటి ఏడు ఎండలు మొదలయ్యాక ఒక అమావాస్య వచ్చింది. కార్ఖానా మూసి ఉంది. పనిముట్లకు ధోవతి నిన్ననే నాగమణి తన చేత్తో కప్పింది. ఇంట్లో కూర్చోలేకపోయింది. ఈ పూట వాడికి కూడా సెలవే ఉంటుంది, ఎక్కడున్నా అమావాస్యనాడు ఉలి పట్టడు, గదిలో ఒక్కడే ఉంటాడు, కూర్చుని మాట్లాడుకోవచ్చు అనుకుంది. పార్థసారథి గారు చెప్పిన మేడ పేరు చెప్పి ఆటో ఎక్కింది. వాచ్‌మన్‌ను తమ్ముడు ఉండే గది ఎక్కడని అడిగితే, రాజేందర్ పైన పనిలో ఉన్నాడన్నాడు. ఇంకో రాజేందర్ అయి ఉంటాడనుకుని మెట్లెక్కింది.

పెద్ద హాలు. పదిమంది వరసగా పనిచేస్తున్నారు. మిషన్ల మోతకు చెవులు పడిపోతున్నాయి. ముఖానికి దస్తీలు కట్టుకున్నారు, అందరూ ఒకేలా ఉన్నారు. వంగిన వీపు చూసి తమ్ముడిని గుర్తుపట్టింది. అతను ఒంటి చేత్తో కరెంటు రంపాన్ని పలక మీద తోస్తున్నాడు. లాగడం లేదు, తోస్తున్నాడు. దగ్గరికి వెళ్లి నిలబడితే మిషన్ ఆపి, దస్తీ గడ్డం కిందికి లాగాడు. కనుబొమల మీద తెల్లటి పొట్టు ఉంది.

"ఇయ్యాల అమాస, తమ్మీ," అంది నాగమణి. ఏమనాలో తెలియక అదే అంది.

రాజేందర్ ఆమె చీర వైపు, చేతి సంచి వైపు, ఆ వెనక వీళ్లనే చూస్తున్న సూపర్‌వైజర్ వైపు చూశాడు. అతని ముఖంలో కోపం కూడా లేదు. ఉన్నా బాగుండేది.

"ఈడ అమాసకు సెలవుండదు మేడం," అన్నాడు. "జర పక్కకు జరగండి. పొట్టు పడతది."

దస్తీ మళ్లీ పైకి లాక్కుని మిషన్ వేశాడు. నాగమణి పక్కకు జరిగింది.